కట్ట మీద అవ్వ అడగని మాట

వరదల్లో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌లో తీసుకొచ్చే ఉద్యోగంలో సగం పైలట్ పని, సగం బస్సు కండక్టర్ పని. టికెట్లు కొట్టడం ఒక్కటే ఉండదు. మిగతాదంతా అదే. జరగండి, ముందుకు జరగండి, ఆ మేకను దించండి, ఇక ఎక్కొద్దు, మళ్లీ వస్తాం. కండక్టర్ ఎంతమందిని కుక్కినా బస్సు నేలమీదే ఉంటుంది. మనం ఒక మనిషిని ఎక్కువ ఎక్కించుకుంటే ఏమవుతుందో తెలియాలంటే పైకి లేపి చూడాలి. లేపి చూడటం మంచి పద్ధతి కాదు.

ఈ పనిలోకి రాబోతున్న కుర్రవాళ్లు కొందరు అడిగితే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. నాకు పెద్దగా రాలేదు కనుక వదలడం కష్టం కాలేదు. నడుము పాడై, నలభై దాటీ దాటకముందే ఎయిర్‌ఫోర్స్ నుంచి ఇంటికి వచ్చాను. హెలికాప్టర్ కుదుపులకు పైలట్ నడుము ముందు అరుగుతుంది, మెదడు తర్వాత అరుగుతుంది. మా ఆవిడ మాత్రం నా విషయంలో రెండూ ఒకేసారి అరిగాయంటుంది.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా యూనిట్లలో నా పేరు మీద ఒక కథ తిరుగుతోంది. చెరువు కట్ట తెగి ప్రాణాల మీదికి వచ్చిన వేళ, ఒక పటేలింటి ముసలమ్మ పైలట్‌ది ఏ కులమో చెబితేగానీ హెలికాప్టర్ ఎక్కనని కూర్చుందట. పైలట్ అప్పటికప్పుడు ఒక అబద్ధం చెప్పి ఆమెను ఎక్కించి ప్రాణం కాపాడాడట. విన్నవాళ్లంతా నవ్వుతారు. ఆ కథ పుట్టించింది నేనే. అందులో కట్ట నిజం. ముసలమ్మ నిజం. అబద్ధం కూడా నిజమే. మిగతాది కాదు.

మిరపకాయలు

మాకు రష్యా నుంచి పెద్ద హెలికాప్టర్లు వచ్చిన కొత్తలో, నాకు తెలియనిది ఆకాశం కింద ఏదీ లేదనుకునేవాణ్ని. ఆ యంత్రంలో పైలట్ పైన గూటిలో కూర్చుంటాడు, జనం కింద పొట్టలో కూర్చుంటారు. పైన కూర్చున్నవాడికి తల తిరగడం సహజం.

ఒక ఎండాకాలం ప్రాక్టీసు కోసం మహబూబ్‌నగర్ వైపు వెళ్లాను. ఒక ఊరి పక్కన చదునైన జాగా కనిపించింది. ఎర్రగా, శుభ్రంగా, ఎవరో జాజు పూసినట్టుంది. దిగుదామని కిందికి తెచ్చాను. అది ఎండబోసిన మిరపకాయల కల్లం. మా రెక్కల గాలికి మొత్తం లేచింది. కాయలు చెట్లెక్కాయి, గింజలు అందరి కళ్లలోకి, ముక్కుల్లోకి పోయాయి. ఆడవాళ్లు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకుని తుమ్ముకుంటూ తిడుతున్నారు. తెరిచి ఉన్న కిటికీల్లోంచి ఘాటు మా గూటిలోకీ వచ్చింది. నేనూ, నా పక్కన కో పైలట్‌గా ఉన్న మరాఠీ కుర్రవాడూ కళ్ల నీళ్లు కారుస్తూ బేగంపేట దాకా వెళ్లాం.

మా కమాండింగ్ ఆఫీసర్ ఒక సర్దార్జీ. గట్టిగా అరవడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "దిగే చోటికి నీకన్నా ముందు నీ గాలి చేరుతుంది. ముందు దాని సంగతి చూసుకో" అని, మర్నాడు నన్ను జీపులో ఆ ఊరికే పంపించాడు, మిరపకాయలు ఏరడానికి. యూనిఫాం వేసుకుని వెళ్లమన్నాడు. నేను చూసిన అధికారుల్లో అంత మంచి పాఠం చెప్పినవాడు మరొకడు లేడు. ఆ రోజు మాత్రం నాకు అలా అనిపించలేదు.

కల్లంలో నా పక్కన ఏరుతున్న ఒకామె అడిగింది.

"సారూ, మీదే ఊరు?"

నాకు గుండె ఆగినంత పనైంది. "తెలుగు నహీ ఆతా" అన్నాను.

"తెలుగు రాదట పాపం" అని ఆమె పక్కామెకు చెప్పింది. ఆ తర్వాత పొద్దు గుంకేదాకా ఇద్దరూ నన్ను నా ముందే కడిగిపారేశారు.

"దీని రెక్కలిరుగ! ఏడాది కష్టమంత గాలిల కలిపె."

"ఊకో అక్కా, సారు ఇంటడు."

"ఇననీ. ఏమర్థమైతది? ఆ మూతి జూడు, తాలు మిరపకాయ లెక్క."

నేను అర్థం కానట్టు నవ్వుతూ ఏరుతూనే ఉన్నాను.

తెలుగువాళ్లంటే భయం

ఆ ప్రశ్నకు అంత భయమెందుకో చెప్పాలి. మాది హాలియా దగ్గర పల్లె. మేము మాదిగలం. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఉద్యోగకాలమంతా పట్టింది. తాత కాలంలో మావాళ్లు మిషన్‌లో చేరారు, నన్ను నల్లగొండలో మిషన్ బడిలో చదివించారు. మా నాయినను చర్చిలో యోహాను అనేవారు, ఊళ్లో ఎల్లయ్య అనేవారు, పని చేయించుకునేవాళ్లు "అరేయ్" అనేవారు. ఆయన మూడింటికీ పలికేవాడు.

ఆఫీసర్ల మెస్సులో నా పేరు రత్నం. ఆ పేరు విని పంజాబీలు, బెంగాలీలు ఏమీ తేల్చుకోలేరు. వాళ్ల మధ్య నేను హాయిగా తిన్నాను, పాడాను, పేకాడాను. ఒక్క తెలుగువాడు మెస్సులోకి వస్తే చాలు, చొక్కా తడిసిపోయేది. తెలుగువాడు రెండో మాటలోనే ఊరు అడుగుతాడు, మూడో మాటలో ఇంటిపేరు అడుగుతాడు, నాలుగో మాట అడగనక్కర్లేదు. అందుకని సొంత జిల్లా మీద ఎగురుతున్నప్పుడు నాకు తుఫానులంటే భయం లేదు, దిగితే ఎవరైనా పలకరిస్తారేమోనని భయం. రక్షించడానికి వెళ్లే ఉద్యోగంలో ఇది కొంచెం ఇబ్బందే.

కట్ట

అరవైల మొదట్లో ఒక వానాకాలం చివర తుఫాను పట్టి నల్లగొండ జిల్లాలో చెరువులు వరసగా తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. అలా ఒక ఊరివాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి తమ చెరువు కట్ట ఎక్కారు. కాసేపటికి కట్టకు ఆ పక్క ఒక గండి, ఈ పక్క ఒక గండి పడ్డాయి. మధ్యలో ఒక తునక మిగిలింది. జనమంతా దాని మీద ఉన్నారు. రెండు వైపులా నీళ్లు దాన్ని కొరుక్కు తింటున్నాయి. ఆ వడికి పడవ దగ్గరికి పోలేదు.

బేగంపేట నుంచి వెళ్లే హెలికాప్టర్ నాకే ఇచ్చారు, పక్కన ఆ మరాఠీ కుర్రవాడే. హాలియా రోడ్డు పక్కన మెరకమీదున్న ఒక బడి మైదానంలో జనాన్ని దించాలని తహసీల్దారు ఏర్పాటు చేశాడు.

కట్ట మీద ఒక బండి పట్టే వెడల్పుంది. అంచుల్లో ఈతచెట్లు. దిగి బరువంతా మోపితే ఆ తునక మాతోపాటే నీళ్లలోకి పోతుంది. అందుకని ముందు చక్రాలు ఆనీ ఆనకుండా పెట్టి, తోక నీళ్ల మీద ఉంచి, యంత్రాన్ని గాలిలోనే పట్టుకోవాలి. గాలికి జనం కొట్టుకుపోకుండా ముందు ఎత్తులో ఒక చుట్టు తిరిగాం, కింది తలుపులో ఉన్న కురుప్ అనే మలయాళీ సార్జెంట్ అందర్నీ బోర్లా పడుకోమని చేతులతో సైగ చేశాడు. ఆ ఒక్క జాగ్రత్త మిరపకాయల పుణ్యం. అయినా ఒక కోళ్ల గంప ఎగిరి నీళ్లలో పడింది. దాని యజమాని నన్ను ఏమన్నాడో రెక్కల చప్పుడులో వినబడలేదు, చేతులు చూస్తే తెలిసింది.

మొదటి ట్రిప్పులో పిల్లతల్లులు వచ్చారు. రెండో ట్రిప్పులో పటేలింటి అవ్వ వచ్చింది. ఆమె ఎలా ఎక్కిందో నేను చూడలేదు. కింది పొట్టలో ఏం జరుగుతుందో పైన కూర్చున్నవాడికి కనబడదు. కురుప్ చెప్పింది ఇది. చెయ్యి చాపగానే ఆమె ఎక్కేసింది. అతనికి అర్థం కాని భాషలో దారిపొడుగునా తిట్టింది. ఒక పిల్ల తల్లి నుంచి తప్పిపోయి ఏడుస్తుంటే లాక్కుని ఒళ్లో వేసుకుంది, ఆ పిల్ల మాదిగవాడదని నాకు తర్వాత తెలిసింది. దిగేముందు అతని బూట్ల మీద వాంతి చేసుకుంది. కులం సంగతి అడిగిందేమో కురుప్‌కు తెలియదు. కానీ ఎవరిని అడుగుతుంది? నేను పైన ఉన్నాను.

నేను వెళ్లిన ప్రతిసారీ ఆ కట్ట తునక కొంచెం పొట్టిగా కనిపించింది.

వకీలు కొడుకు

కట్ట మీద ఇంకా ఒక ట్రిప్పు మంది మిగిలి ఉండగా పెట్రోలు అయిపోవచ్చింది. మైదానంలో ఇంజను ఆపి పోయించుకోవాల్సి వచ్చింది. పెట్రోలు తెచ్చిన లారీ రోడ్డు దగ్గరే బురదలో దిగబడింది. కాలవ పనిలో ఉన్న కూలీలను పిలిపించి డబ్బాలతో భుజాల మీద మోయిస్తున్నారు. నేను నడుము చాపుకుందామని కిందికి దిగాను. అదే తప్పు. మిమ్మల్ని ఎవరైనా పొగడటానికి వస్తుంటే వెళ్లి గూట్లో కూర్చోండి.

అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నా బుగ్గలు రెండు చేతులతో పట్టి మెటికలు విరిచింది.

"నువ్వేనా బిడ్డా నడిపినోనివి? నీ కడుపు సల్లగుండ! గింత పోరనివి, గంత పెద్దది ఎట్ల లేపినవ్ ర? ఎవరి కొడుకువు బిడ్డా? నిన్ను కన్నోళ్లు యాడున్నరు? గసుంటి కొడుకును కన్నోళ్లకు నేను మొక్కాలె."

ఆమె వెనక, డబ్బాలు మోసేవాళ్ల వరసలో, తలకు రుమాలు చుట్టుకుని, కాలవ కూలికి వచ్చిన మా నాయిన నిలబడి ఉన్నాడు. ఆ ముక్కలన్నీ విన్నాడు. ఆయన నవ్వు అప్పటికే మొదలైంది.

"మాది హైదరాబాదమ్మా. మా నాన్నగారు వకీలు" అన్నాను.

నాయిన అనే మాట కూడా వాడలేదు. నాన్నగారట!

"వకీలా! గందుకే గింత దర్జా" అంది అవ్వ.

ఇంజను చప్పుడులో ఆయనకు వినబడి ఉండదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఇంజను ఆపి ఉంది. నాయిన నవ్వు మడిచి లోపల పెట్టుకున్నాడు. ముందుకు వచ్చి, భుజం మీది డబ్బా దించకుండానే అడిగాడు.

"దొరా, గీ డబ్బ యాడ పెట్టాలె?"

నేను వేలుతో చూపించి, "అక్కడ" అన్నాను.

చివరి ట్రిప్పు బాగానే జరిగింది. మనసు ఎక్కడున్నా చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. కట్ట మీద ఎవరూ మిగలలేదు. చీకటి పడేలోగా బేగంపేట చేరాలని, వాళ్లను మైదానంలో దించి, ఇంజను ఆపకుండానే లేచిపోయాను. బేగంపేటలో దిగాక కురుప్ ఒక మూట ఇచ్చాడు. "డబ్బాలు మోసిన ఒకాయన సారుకు ఇమ్మని సైగ చేశాడు" అన్నాడు. విప్పితే జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. మూట కట్టిన గుడ్డ మా అమ్మ పాత చీర పేలిక. ఆయన తన సద్ది నాకిచ్చి, తాను పస్తు ఉన్నాడన్నమాట.

"ఊరివాళ్లు అభిమానంతో ఇచ్చారు" అని మరాఠీ కుర్రవాడికి చెప్పాను. అతను మెచ్చుకుంటూ సగం తినేశాడు.

కథ పెరిగిన తీరు

ఆ సాయంత్రం మెస్సులో అతనే అడిగాడు, ఆ ముసలావిడ మొహం పట్టుకుని ఏమడిగింది అని. "నా కులం అడిగింది" అన్నాను. ఆమె అడిగింది కన్నవాళ్ల గురించి. నాకు వినబడింది మాత్రం కులమే. అందరూ నవ్వారు. నవ్వు బాగుంది. ఇంకోసారి చెప్పాను. ఈసారి అడిగింది దిగాక కాదు, ఎక్కేముందు. చెప్పినకొద్దీ కట్ట సన్నబడింది, అవ్వ లావెక్కింది, హెలికాప్టర్ ఒంటి చక్రం మీద నిలబడింది. ఇంకో ఏడాదికి ఆమె ఎక్కనని మొండికేసి కూర్చుంది. నేను ఆమెను కాపాడటానికే అబద్ధమాడిన మహానుభావుణ్నయ్యాను. ట్రైనింగుకు వచ్చిన కొత్తవాళ్లకు దాన్ని పాఠంగా కూడా చెప్పాను. ఆ పాఠం సారాంశం, పల్లెజనం మూర్ఖులు, పైలట్ తెలివిగలవాడు అని.

సెలవులో ఇంటికి వెళ్లేటప్పుడు గొడవ తప్పదనుకున్నాను. నాయిన ఏమీ అనలేదు. అమ్మకు కూడా ఏమీ చెప్పలేదు. "మనోడు మంచిగ నడిపిండు" అని మాత్రం చెప్పాడట. నేనూ ఎత్తలేదు. మా ఇద్దరి మధ్య వానలు, ధరలు, అమ్మ మోకాళ్లు తప్ప వేరే మాట లేకుండా పోయింది. ఏళ్లు గడిచిపోయాయి.

అవ్వ

ఉద్యోగం వదిలి వచ్చాక నల్లగొండలో ఒక బడివాళ్లు నన్ను మాట్లాడటానికి పిలిచారు. ఆ కథే చెప్పాను. పిల్లలు పడిపడి నవ్వారు. అయిపోయాక అక్కడ పనిచేసే అనసూయ అనే టీచరమ్మ దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ కట్ట మా ఊరిదే. ఆమె మా నాయనమ్మ. ఇంకా ఉంది. ఆమె చెప్పేది వేరేగా ఉంటది సార్" అంది. గొంతు పెంచలేదు. నాకు మా సర్దార్జీ గుర్తొచ్చాడు.

ఆ ఆదివారమే వెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని పుంటికూర తెంపుతోంది. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. నేనెవరో చెప్పాను. ఈసారి మొత్తం చెప్పాను, ఊరు, కులం, నాయిన పేరు, ఆమె మీద నేను పుట్టించిన కథతో సహా.

"ఎక్కెటప్పుడు నేను కులమడిగిన్నా?" అంది. "నీళ్లు పాదాలకాడికి వచ్చినయ్ బిడ్డా. యముడు దున్నపోతును తెచ్చినా ఎక్కుదును. దిగినంక అడిగిన, మీ అమ్మనాయిన ఎవరని. మొక్కుదమని అడిగిన."

"తప్పయింది అవ్వా."

"మీవోళ్లను నేను గడప లోపటికి రానియ్యలే. గది నిజమే, కాదంటలేను. నన్ను తిట్టాల్నంటే దానికి తిట్టు. చెయ్యని తప్పు నెత్తిన ఎందుకు పెడ్తవ్? చేసినయి చాలవా?"

నేను లేవబోయాను.

"ఇంకోటి ఇను" అంది. "నువ్వు వకీలు కొడుకునన్నవ్. డబ్బ మోసెటాయన మొఖం జూసిన, నీ మొఖం జూసిన. గదే ముక్కు, గవే చెవులు. నువ్వు మిషినెక్కినంక అడిగిన ఆయన్ని, గా పిలగాడు నీ కొడుకే కద అని. 'కాదమ్మా, నాకు గంత నసీబు యాడిది' అని డబ్బ ఎత్తుకొని ఉరికిండు. నువ్వు గాదంటివి, ఆయన గాదనె. ఇంక నేనెవరికి మొక్కాలె?"

ఆ మాటతో బస్సెక్కాను. హాలియాలో దిగి, ఇంటికి నడిచాను.

నాయిన వాకిట్లో పల్లికాయ ఒలుస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"నాయినా, గా దినం బడికాడ..."

"ఏ దినం?"

"నేను వకీలు కొడుకునన్న దినం."

ఆయన ఒలవడం ఆపలేదు. "గదా" అన్నాడు.

"అవ్వ అడిగితే నీ కొడుకును కాదన్నవట."

"నువ్వే కాదంటివి. నేను అవునంటే ఎవడు నమ్ముతడు?"

"కోపం రాలే?"

"రాకేమి? డబ్బ నీ కాలు మీద ఎత్తేద్దామనుకున్న. నిండు డబ్బ."

"మరెందుకు ఎయ్యలే?"

నాయిన అప్పుడు తలెత్తాడు.

"కట్ట మీద ఇంక మనుషులుండిరి కదరా. నీ కాలిరిగితే వాళ్లను ఎవడు తెస్తడు? వకీలొస్తడా?"

ఆయన ఇంకో పిడికెడు కాయలు ముందుకు లాక్కున్నాడు.

"ఆఖరు ట్రిప్పు కానీ, గప్పుడేద్దామని డబ్బ పట్టుకొని నిలవడ్డ. నువ్వేమో వాళ్లను దించి, గట్లనే ఎగిరిపోతివి."

నేను లేచి, చెప్పు విడిచి, కాలు ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని కాసేపు చూశాడు. వేళ్లతో ఒక తట్టు తట్టాడు.

"గిప్పుడేం లాభం? నువ్వు నడిపేది లేదు, నేను మోసేది లేదు" అన్నాడు. "కూసో. కాయ ఒలువు."